మడిలో పీకండి, బందలో ఉంచండి: నివ్వరిని గుర్తుపట్టి గింజ దాచే పద్ధతి

గుడిలో మంత్రపుష్పం చదువుతుంటే "నీవార శూకవత్ తన్వీ" అన్న మాట వినబడుతుంది. నీవారం అంటే నివ్వరి. ఎవరూ దున్నకుండా, విత్తకుండా నీటి పట్టున తనంతట తాను మొలిచే అడవి వరి అది. శూకం అంటే దాని గింజ కొనన ఉండే మీసం. అత్యంత సన్ననిదాన్ని చెప్పడానికి ఆ మీసాన్ని పోలికగా తీసుకున్నారంటే, ఆ మొక్కను చేత్తో పట్టుకుని చూసినవాళ్లే అన్న మాట అది. అరసవల్లిలోనో శ్రీకూర్మంలోనో ఆ మంత్రం విని ఇంటికొచ్చే మనం, దారిలో చెరువు అంచున అదే మొక్క కనబడితే పేరు చెప్పలేకపోతున్నాం.

మా ఊరు చీపురుపల్లి వైపు. చిన్నప్పుడు మా బంద (చిన్న చెరువు) చుట్టూ ఈ గడ్డి మోకాలెత్తున ఉండేది. మీసాలు పట్టుకుని లాగితే గింజలు జలజలా రాలేవి, అది మాకు ఆట. మూడేళ్ల కిందటికి అదే బందలో తూర్పు మూలన నాలుగైదు గజాల మేర మాత్రమే మిగిలింది. మిగతాదంతా గుర్రపుడెక్క, తుమ్మ, ఇళ్ల స్థలాలు. ఆ మూలను కాపాడుకునే క్రమంలో కొన్నేళ్లుగా నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరివాళ్లయినా ఈ పద్ధతి ప్రకారం చేయవచ్చు. పెద్ద ఖర్చేమీ ఉండదు. ఒక వానాకాలం ఓపిక కావాలి.

ముందు ఈ మొక్క సంగతి

శాస్త్రం పేరు ఒరైజా నివారా. మన పాత మాట నీవారం మీదే ఆ పేరు పెట్టారు. శర్మ, శాస్త్రి అనే ఇద్దరు భారతీయ శాస్త్రవేత్తలు 1965లో దీన్ని ప్రత్యేక జాతిగా వర్ణించారు. మనం తినే వరికి ఇది దగ్గరి చుట్టం. రెండింటికీ 24 క్రోమోజోములే, పుప్పొడి కలిస్తే సంకరం కూడా అవుతుంది. ఈ చుట్టరికమే దీని విలువ. పొలంలో దీనితో వచ్చే చిక్కు కూడా ఈ చుట్టరికం వల్లే.

విలువ గురించి ఒక్క సంగతి చెబితే చాలు. 1970ల్లో ఆసియా వరి పొలాలను గ్రాసీ స్టంట్ అనే వైరస్ తెగులు పట్టింది. దాన్ని మోసుకొచ్చేది మనకు బాగా తెలిసిన సుడిదోమే. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆరు వేలకు పైగా నమూనాలను పరీక్షిస్తే, ఆ తెగులును బాగా తట్టుకున్నది ఉత్తరప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక నివ్వరి నమూనా. ఆ గుణాన్ని సాగు వరిలోకి ఎక్కించారు. 1976లో విడుదలైన ఐఆర్ 36 అలా తయారైనదే. మన దగ్గర హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థలో కూడా, మన రైతులు ఏళ్ల తరబడి వేసిన స్వర్ణను నివ్వరితో సంకరం చేసి కొత్త వంగడాల మీద పని చేశారు. ఏ చెరువు మూలన ఏ గుణం దాగి ఉందో పైకి చూసి చెప్పలేం. అందుకే ఒక్క మూలైనా పోనివ్వకూడదని నా పట్టుదల.

చిక్కు సంగతి రైతులకు నేను చెప్పనక్కర్లేదు. మడిలో ఇది కలుపు. గింజ పండకముందే రాలి, మట్టిలో దాగి, మరుసటి ఏడు మళ్లీ మొలుస్తుంది. పంటలో కలిస్తే ఎర్ర బియ్యం వచ్చి ధర తగ్గుతుంది. అందుకే నేను మొదటి నుంచీ ఒకటే గీత గీసుకున్నాను. గట్టు లోపల ఉన్నదాన్ని పీకేయాలి, గట్టు అవతల బందలో, చెరువులో, గెడ్డ (వాగు) పక్కన ఉన్నదాన్ని ఉంచాలి. కింద చెప్పే పనులన్నీ ఈ గీత మీదే నడుస్తాయి.

ఎప్పుడు, ఎక్కడ వెతకాలి

ఎన్ను (కంకి) తీయకముందు నివ్వరిని నమ్మకంగా గుర్తుపట్టడం కష్టం. పగలు కురచ అవుతున్నప్పుడే ఇది పూతకు వస్తుంది. మన దగ్గర విజయనగరం సిరిమానోత్సవం రోజుల నుంచి నాగుల చవితి దాకా తిరిగితే మంచి కాలం. నాగుల చవితికి పుట్టలో పాలు పోయడానికి ఎలాగూ గట్ల మీదికి వెళతాం కదా, ఆ రోజు పిల్లలను వెంటబెట్టుకుని చెరువు అంచు కూడా ఓసారి చూసి రండి. ఒక్క జాగ్రత్త: అక్టోబరు మనకు తుపాన్ల నెల. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. గాలివాన వస్తుందని కబురు తెలిస్తే, దానికి ముందే వెళ్లి చూసుకోండి. ఒక్క రాత్రి గాలికి గింజంతా నీళ్లపాలవుతుంది.

వెతకాల్సిన చోట్లు: వానాకాలంలో మోకాలి లోతు లోపు నీళ్లు నిలిచి, మాఘ ఫాల్గుణాలకు ఎండిపోయే చెరువు అంచులు, బందలు, మదుము (చెరువు తూము) దిగువన పల్లం, గెడ్డల పక్కన నీరు కదలని మడుగులు, రోడ్డు కోసం మట్టి తవ్విన గోతులు. ఇచ్ఛాపురం నుంచి పలాస, శ్రీకాకుళం రోడ్డు, చీపురుపల్లి మీదుగా విజయనగరం వెళ్లే రైలు కట్టకు అటూ ఇటూ ఉన్న గుంటల్లో కూడా చూడదగ్గ చోట్లున్నాయి. కట్ట ఎక్కవద్దు, పొలాల వైపు నుంచే చూడండి. నౌపడా ఉప్పు మళ్ల వైపు తిరిగి లాభం లేదు, ఉప్పు నీరు దీనికి గిట్టదు. పార్వతీపురం, పాలకొండ దాటి ఒడిశా వైపు వెళ్లేవాళ్లకు మరో మాట. సరిహద్దు అవతల కోరాపుట్ ప్రాంతం దేశవాళీ వరి రకాలకు పేరుపడ్డ చోటు, దాని సంప్రదాయ సేద్యానికి 2012లో ప్రపంచ వారసత్వ సేద్యంగా గుర్తింపు వచ్చింది. అటువైపు ఈ అడవి వరిని బలుంగా అంటారు. సరిహద్దు పల్లెల్లో ఆ పేరు చెప్పి అడగండి.

పేరు దగ్గర మనలో చాలామంది పొరబడతారు. నివ్వరి అని అడిగితే పొలంలో ఎవరికీ తెలియకపోవచ్చు. అడవి వరి అనండి, మీసాల వరి అనండి, బెరుకు గడ్డి అనండి. నేను మొదటిసారి అడిగినప్పుడు మా ఊరి పెద్దాయన ఒకరు, "ఆ గడ్డేటి బాబూ, ఎన్ను దీసిందంటే సగం ఇత్తు మళ్లోనే రాలిపోద్ది, మరి దాన్ని పట్టలేం" అన్నారు. ఆ ఒక్క మాటతో మొక్క దొరికింది. మీ ఊళ్లో ఏ పేరుతో పిలిస్తే ఆ పేరు ఉన్నదున్నట్టు రాసుకోండి. ఆ పేరు కూడా దాచుకోవాల్సినదే.

వెంట ఏం తీసుకెళ్లాలి

భూతద్దం, చిన్న స్కేలు, నోటు పుస్తకం, పెన్సిలు. పెన్ను వద్దు, తడి తగిలితే సిరా పాకిపోతుంది. కాగితపు కవర్లు, పల్చటి నెట్ గుడ్డతో కుట్టిన జానెడు సంచులు ఓ ఇరవై, దారం, ఫోను. చేతిలో పొడుగాటి కర్ర తప్పకుండా ఉండాలి. చెరువు అంచు గడ్డిలో పాములుంటాయి, అడుగు వేసే ముందు కర్రతో తట్టండి. ఒంటరిగా వెళ్లవద్దు.

గుర్తుపట్టడం

ఇది అన్నిటికంటే ముఖ్యమైన పని, తొందరపడవద్దు. చెరువు అంచున వరిలా కనబడే గడ్డి ఒకటి కాదు. నాలుగు చూపులు చూడాలి.

మొదట ఆకు మట్టను అంటుకునే చోటు చూడండి. ఆకును మెల్లగా వెనక్కి వంచితే, కాండానికీ ఆకుకూ మధ్య పల్చటి తెల్లటి పొర నిటారుగా లేస్తుంది. పుస్తకాల్లో దాన్ని జిహ్విక అంటారు. వరి కుటుంబంలో అది పొడుగ్గా, కొన మొనదేలి ఉంటుంది, నివ్వరిలో ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల దాకా సాగుతుంది. పక్కన రెండు చిన్న చెవుల్లాంటివి కూడా ఉంటాయి. మన మళ్లల్లో వరిని మోసగించే ఊద గడ్డికి ఈ పొర ఉండదు. అక్కడ నున్నగా ఉంటే అది ఊద, వదిలేసి ముందుకు వెళ్లండి. ఈ ఒక్క పరీక్షతోనే సగం అనుమానాలు తీరిపోతాయి.

రెండోది పువ్వు. నివ్వరి పువ్వు ఉదయం తొమ్మిది దాటాక విచ్చుకుంటుంది, ఎండ ముదిరే వేళకు మూసుకుంటుంది. విచ్చుకున్న పువ్వును భూతద్దంలో చూస్తే ఆరు కేసరాలు వేలాడుతుంటాయి. చాలా గడ్డి జాతులకు మూడే ఉంటాయి. ఆరు లెక్కపెట్టారంటే మీరు వరి చుట్టాల దగ్గరకే వచ్చినట్టు. అయితే చెరువుల్లో అంచులు కోసుకుపోయే ఒక సన్న గడ్డికి కూడా ఆరు కేసరాలుంటాయి, అది వరికి దూరపు బంధువు. దాని గింజ మూడు నాలుగు మిల్లీమీటర్లే, మీసం ఉండదు, గింజ అడుగున ఉండే రెండు చిన్న పొట్టు రేకులు కూడా ఉండవు. నీటి మీద తేలుతూ ఆకు మట్టలు ఉబ్బి, ఆకులు పొట్టిగా వెడల్పుగా ఉండే మరో గడ్డి ఉంది, దాని గింజకు మీసం ఉన్నా మొక్క రూపం పూర్తిగా వేరు.

మూడోది మీసం. నివ్వరి గింజ 6 నుంచి 10 మిల్లీమీటర్లు ఉంటే, దాని మీసం 4 సెంటీమీటర్ల నుంచి 10 దాకా ఉంటుంది, అంటే గింజ కంటే చాలా రెట్లు. వేలితో కింది నుంచి పైకి రుద్దితే నున్నగా, పై నుంచి కిందికి రుద్దితే గరుకుగా తగులుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు కొన్నిటికి ఎర్ర, ఊదా రంగు ఉంటుంది. ఎండలో ఎన్ను ఊగుతుంటే ఆ రంగు దూరం నుంచే కనబడుతుంది, ఆ అందం ఒకసారి చూస్తే మరి మర్చిపోరు.

నాలుగోది రాలడం. అర చేయి ఎన్ను కింద పట్టి, రెండో చేత్తో మెల్లగా తట్టండి. సాగు వరి అలా తడితే రాలదు. నివ్వరి గింజ ఇంకా పూర్తిగా ముదరకముందే కొన నుంచి మొదలుపెట్టి రాలుతుంది. గింజ కాడ దగ్గర విడిపోయే పొర ఒకటి తయారవుతుంది. సాగు వరిలో ఆ పొర సరిగా ఏర్పడదు కాబట్టే మనం కోసి, మోపు కట్టి, కళ్లానికి తెచ్చి నూర్చుకోగలుగుతున్నాం. నివ్వరిని సాగు వరితో కలిపి చూసిన పరిశోధకులు, ఈ తేడాకు ప్రధాన కారణం ఒక జన్యువులోని చిన్న మార్పని 2006లో తేల్చారు. రాలకుండా చేతికొచ్చిన ఎన్నులను ఏటా ఏరి దాచిన ఆ పాత రైతులను తలచుకుంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

రాలిన గింజ పొట్టు గోటితో తీసి చూడండి. లోపల బియ్యం ఎర్రగా ఉండాలి.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. నివ్వరికి అన్న లాంటి మరో అడవి వరి ఉంది, శాస్త్రంలో ఒరైజా రూఫిపోగన్. ఎప్పుడూ నీళ్లుండే లోతైన చోట్ల పెరుగుతుంది, కణుపుల దగ్గర వేళ్లు దిగి పాకుతుంది, ఏడాదికి చావదు. అనుమానంగా ఉంటే కేసరం కొనన ఉండే పుప్పొడి తిత్తిని కొలవండి. 2 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటే నివ్వరి, 4 దాటితే రెండోది అనుకోవచ్చు. లేదంటే మాఘమాసంలో మళ్లీ రండి. నీరు తగ్గిన నేల మీద ఎండి గడ్డయి పడి ఉంటే నివ్వరి, మొదలు నుంచి పచ్చి పిలకలు వస్తుంటే రెండోది. దాన్ని తక్కువగా చూడకండి. 1970లో చైనాలోని హైనాన్ దీవిలో చిత్తడి పక్కన దొరికిన ఒక అడవి వరి మొక్క నుంచే వాళ్ల హైబ్రిడ్ వరి మొదలైంది. అది దొరికితే కూడా ఇదే పద్ధతిలో నమోదు చేయండి.

రెండో మెలిక సంకరాలు. మడి దగ్గరలో ఉన్న మొక్కల్లో కొన్నిటికి మీసం పొట్టిగా, మొక్క నిటారుగా, గింజ సగమే రాలుతూ ఉంటుంది. అవి నివ్వరీ కాదు, వరీ కాదు. వాటిని నివ్వరితో కలపకుండా విడిగా "మిశ్రమం" అని రాసుకోండి. నిజమైన నివ్వరి కావాలంటే మళ్లకు ఎంత దూరంగా ఉంటే అంత మంచిది.

రాసుకోవాల్సినవి

ఊరు, మండలం, చెరువు పేరు, తేదీ, ఫోనులో మ్యాపు చూపే అక్షాంశ రేఖాంశాలు. నీటి లోతు. మొక్కలు పదుల్లోనా, వందల్లోనా. దగ్గరి మడి ఎన్ని అడుగుల దూరంలో ఉంది, అందులో ఏ రకం వేశారు. పశువులు మేస్తున్నాయా. ఫొటోలు నాలుగు చాలు: మొత్తం చోటు, ఒక మొక్క, స్కేలు పక్కన పెట్టిన ఎన్ను, జిహ్విక. మ్యాపులో గుర్తు పెట్టిన చోటును బహిరంగంగా అందరికీ పంచకండి. ఎవరైనా వచ్చి మొత్తం దూసుకుపోతే ఆ మూల ఖాళీ అవుతుంది.

గింజ పట్టడం

మొదటి ఏడు నేను తప్పు చేశాను. గింజ ముదిరిందని చూసి, కొడవలితో ఎన్నులు కోసి ప్లాస్టిక్ సంచిలో వేసి తెచ్చాను. దారిలోనే మంచి గింజంతా రాలింది, సంచి అడుగున చెమ్మ పట్టి బూజు వచ్చింది. మిగిలింది తాలు. ఆ ఏడు ఆ మూలకు దక్కాల్సిన గింజను నేనే పాడు చేశానన్న బాధ ఇంకా ఉంది.

సరైన పద్ధతి ఇది. పూత అయిపోయిన వారం పది రోజులకు, గింజ పాలు పోసుకుంటున్నప్పుడే వెళ్లండి. ఒక్కో ఎన్నుకు నెట్ గుడ్డ సంచి తొడిగి, కింద దారంతో వదులుగా కట్టండి. గాలి ఆడాలి, గింజ జారకూడదు. బరువుకు కాండం వంగిపోతుంటే పక్కన వెదురు పుల్ల పాతి దానికి కట్టండి. ఆ తరువాత రెండు మూడు వారాలు ఆగండి. మధ్యలో ఒకసారి వెళ్లి సంచులు ఊడలేదని చూసుకోండి. గింజలు రాలి సంచిలో పడ్డాక, సంచితో సహా ఎన్ను కోసి కాగితపు కవరులో పెట్టి తెచ్చుకోండి.

ఎన్ని మొక్కలకు కట్టాలి? ముప్ఫై నుంచి యాభై దాకా దొరికితే మంచిది. అన్నీ ఒకే గుబురు నుంచి కాకుండా చోటంతా తిరిగి, ఈ చివరొకటి, ఆ చివరొకటి ఎంచుకోండి. పొడుగువి, పొట్టివి, ఎర్ర మీసాలవి, తెల్ల మీసాలవి అన్నీ ఉండాలి. బాగున్నవాటినే ఏరుకోవడం విత్తనం రైతుగా మనకు అలవాటు, ఇక్కడ ఆ అలవాటు మానుకోవాలి. ఆరు వేల నమూనాల్లో పనికొచ్చింది ఒక్కటే అని పైన చెప్పాను కదా, చూపుకు నీరసంగా ఉన్న మొక్కలోనే అలాంటి గుణం ఉండవచ్చు. ఒక్కో మొక్కకు ఒకటి రెండు ఎన్నులకు మించి కట్టకండి. ఆ చోట పండే గింజలో ఐదో వంతుకు మించి తేకండి. మొక్కలు ఇరవై లోపే ఉంటే ఆ ఏడు గింజ అసలు తేవద్దు. ఫొటోలు తీసుకుని రాలనివ్వండి.

ఉత్తరప్రదేశ్, బీహార్ వైపు ఈ గింజను తిన్నీ బియ్యం పేరుతో ఉపవాసాల్లో వండుకుంటారు, బజారులో అమ్ముతారు కూడా. మన దగ్గర మిగిలిన కాసిని మూలల నుంచి వంటకని దూయవద్దని వేడుకుంటున్నాను.

ఆరబెట్టడం, దాచడం

ఎర్రటి ఎండలో సిమెంటు గచ్చు మీద పోయకండి. నీడలో, గాలి తగిలే చోట, కాగితం మీద పల్చగా వారం రోజులు ఆరనివ్వండి. మీసాలు విరవనక్కర్లేదు, అవి ఉంటేనే గుర్తు. తాలు ఊదేసి, గట్టి గింజ మిగల్చండి. పంటి కింద పెడితే నొక్కుకుపోకుండా టక్కున విరగాలి, అప్పుడు ఆరినట్టు.

గాజు సీసా తీసుకుని, అడుగున బాగా వేయించి చల్లార్చిన బియ్యం గుప్పెడు పోయండి. తేమను అవి పీల్చుకుంటాయి. దాని మీద గుడ్డ ముక్క, ఆ మీద కాగితపు పొట్లంలో నివ్వరి గింజ. మూత బిగించండి. ఊరు, చెరువు, తేదీ రాసిన చీటీ ఒకటి లోపల, ఒకటి బయట. బయటిది ఎలాగైనా ఊడిపోతుంది. ఏ చెరువు గింజ ఆ చెరువుదే, రెండు చోట్లవి ఒకే సీసాలో పోయకండి. ఫ్రిజ్ ఉంటే కింది అరలో పెట్టండి.

ఇంట్లో దాచింది కొన్నేళ్లకే పరిమితం. చాలా కాలం నిలవాలంటే జన్యు బ్యాంకుకు చేరాలి. ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థలో గింజను బాగా ఆరబెట్టి సున్నాకు 18 డిగ్రీల కింది చలిలో దాస్తారు. ఆ సంస్థకు రాజేంద్రనగర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. నేరుగా వెళ్లలేనివాళ్లు శ్రీకాకుళం దగ్గరి రాగోలు వ్యవసాయ పరిశోధన కేంద్రంలోనో, ఆముదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలోనో, నైర వ్యవసాయ కళాశాలలోనో అడిగి దారి తెలుసుకోండి. రాగోలు వాళ్లకు వరి కొత్త కాదు, శ్రీకాకుళం సన్నాలు అక్కడ పుట్టిన రకమే. గింజతో పాటు మీరు రాసుకున్న పుటల నకలు ఇవ్వడం మర్చిపోకండి, ఎక్కడిదో తెలియని గింజకు విలువ సగం పోతుంది. విదేశాల నుంచి ఎవరైనా అడిగితే ఇవ్వకండి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం దానికి జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి.

కుండీలో మొలిపించి చూడటం

ఇది తప్పనిసరి కాదు, కానీ మొలిస్తేనే మీ గింజ బతికి ఉందని తెలుస్తుంది. కొత్త గింజ వెంటనే మొలవదు, గట్టి నిద్రలో ఉంటుంది. జ్యేష్ఠం దాకా ఆగితే ఆ నిద్ర చాలావరకు వీడుతుంది. పది గింజలు తీసుకుని పొట్టును గోటితో జాగ్రత్తగా ఒలిచి, బియ్యం కొనన ఉన్న మొలకకు దెబ్బ తగలకుండా తడి గుడ్డలో చుట్టండి. రోజూ తడపండి. మొలక వచ్చాక మడి మట్టి నింపిన బక్కెట్లో నాటి, మొక్క జానెడు అయ్యాక నాలుగు వేళ్ల నీళ్లు నిలపండి.

మూడు నియమాలు మాత్రం తప్పవద్దు. బక్కెట్టును వరి మడి పక్కన పెట్టకండి. ఎన్ను రాగానే సంచి కట్టండి. వాడిన మట్టిని మడిలో పోయకండి, బాగా కాల్చేయండి లేదా బక్కెట్లోనే ఉంచుకోండి. రాలిన గింజ మట్టిలో ఏళ్ల తరబడి ఆగి మొలవగలదు.

మడిలో కనబడితే

పీకేయాలి. దీని విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. ఇది కూడా వరే కాబట్టి, వరిని వదిలి దీన్ని మాత్రమే చంపే మందును మామూలు రకాల్లో ఆశించలేం. చెయ్యే మందు. ఉభాలు (నాట్లు) వేసిన మడిలో వరసల మధ్య మొలిచినది పరాయిదని తెలిసిపోతుంది. ఎద జల్లిన మడిలో వరస ఉండదు, అందుకే అక్కడ బెడద ఎక్కువ. ఎన్ను బయటికి రాగానే, పూత పూయకముందే మొదలంటా పీకి గట్టు మీద ఎండబెట్టండి. పశువులకు వేయవచ్చు, ఎన్ను ముదిరితే మాత్రం వేయకండి. ఏటా బెడద ఉన్న మడిలో, తొలకరికి మొలవనిచ్చి దమ్ములో తొక్కించి ఆ తరువాతే నాటితే బాగా తగ్గుతుంది. ఇత్తనాల ధాన్యంలో ఎర్ర గింజ ఉందేమో గుప్పెడు దంచి చూసుకోండి. ఛత్తీస్‌గఢ్ వైపు ఈ బాధ పడలేక ఊదా రంగు ఆకుల వరి రకాన్ని వేసి, పచ్చగా కనబడినదంతా పీకేసే పద్ధతి తెచ్చారు.

బందలో బతికించడం

గింజ సీసాలో ఉంటే చాలదు. నీళ్లు, ఎండ, చేపలు, గేదెలు, తెగుళ్ల మధ్య ఏటా పండి రాలుతూ ఉంటేనే అది మారుతూ, నేర్చుకుంటూ ఉంటుంది. కాబట్టి ఆ మూలను మూలగానే ఉంచాలి.

పెద్ద ముప్పు పూడికతీత. వేసవిలో ఉపాధి హామీ పనుల కింద చెరువు మట్టి తవ్వి తీస్తారు, ఆ పని చెరువుకు అవసరమే. కానీ నివ్వరి గింజంతా ఎండిన అంచున పై పొర మట్టిలోనే ఉంటుంది. అది తవ్వితే ఒకే వేసవిలో మొక్క మాయమవుతుంది. అంతకంటే రైతులు గమనించాల్సింది మరొకటి ఉంది. ఆ మట్టి సారవంతమని బళ్లతో, ట్రాక్టర్లతో మళ్లకు తోలుకుంటారు. దానితోపాటు నివ్వరి విత్తనం మడిలోకి వస్తుంది. మా ఊళ్లో ఈ మాట చెప్పాకే నాకు మద్దతు దొరికింది. గడ్డిని కాపాడదాం అంటే నలుగురు వింటారు, ఆ మూల మట్టి మీ మళ్లలో పోయకండి అంటే అందరూ వింటారు.

తవ్వకం మొదలవకముందే, పుష్యమాసంలో, ఆ మూల చుట్టూ నాలుగు సరుగుడు కర్రలు పాతండి. పంచాయతీలో చెప్పి మట్టి కొలతల్లోంచి ఆ చోటు తప్పించండి. ఎలాగూ తవ్వాల్సి వస్తే, పై పొర అరచేయి మందం విడిగా తీసి, తవ్వకం అయ్యాక అదే లోతున్న అంచున పరిపించండి. ఆ చోట గట్ల మీద గడ్డి మందు కొట్టవద్దని ఆయకట్టు రైతులను అడగండి. గేదెలను పూర్తిగా ఆపనక్కర్లేదు, అవి తిరిగితే గుర్రపుడెక్క, తుంగ అణిగి నివ్వరికి చోటు దొరుకుతుంది. దసరా నుంచి గింజ రాలేదాకా మాత్రం అటు తోలవద్దని కాపరులతో మాట్లాడుకోండి.

పంచాయతీలో జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలని చట్టం చెబుతుంది. దాని పని ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయడం. ఆ రిజిస్టరు మీ ఊళ్లో ఎక్కడుందో అడగండి. అందులో నివ్వరి పేరు, మీ ఊరి పేరు, చెరువు, మూల రాయించి, ఫొటో అతికించండి. రేపు ఆ చెరువును ఇళ్ల స్థలాలకు పూడ్చాలని ఎవరైనా వస్తే చూపించడానికి ఊరి చేతిలో ఒక కాగితమైనా ఉంటుంది.

మా బందలో కర్రలు పాతి మూడు వానాకాలాలైంది. పోయిన కార్తీకంలో కొలిస్తే ఆ గుబురు నాలుగు గజాల నుంచి పదకొండు గజాలకు పాకింది. మదుము వైపు రెండు కొత్త మొక్కలు లేచాయి, అవి మడికి మరీ దగ్గర. వాటిని పూత రాకముందే పీకేశాను.